పందెం మీది, టేబుల్ ఎవరిది?

పూల్ పార్లర్లలో, క్లబ్బుల్లో మిత్రులు సరదాగా కాసే పందేలపై చట్టం ఆటగాళ్ల కంటే యజమాని జేబునే ఎక్కువగా చూస్తుంది. కానీ అద్దె ఎక్కడ ఆగుతుందో, జూదంలో వాటా ఎక్కడ మొదలవుతుందో మాత్రం స్పష్టంగా చెప్పదు. కోల్‌కతాలో ఈ చిక్కుకు నూరేళ్లకు పైబడ్డ చరిత్ర ఉంది.

దక్షిణ కోల్‌కతాలో ఓ పూల్ పార్లర్‌ని ఊహించుకోండి. గంటకు ఇంత అని రేటు రాసిన అట్ట గోడకు వేలాడుతోంది. ఇద్దరు మిత్రులు క్యూ కర్రలకు సుద్ద రాసుకుంటూ ఓ మాట అనుకున్నారు: ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టాలి. పార్లర్లకు వెళ్లే కుర్రకారుకు కొత్తకాని ఈ ఒప్పందాన్ని జూదమని ఎవరూ అనుకోరు. రెండో ఆటకు దానికి వంద రూపాయలు తోడయ్యాయి. మూడో ఆటకు అయిదొందలు. పక్కన నిలబడి చూస్తున్న ఇద్దరికి ఊరికే చూడటం విసుగనిపించి, ఎవరు గెలుస్తారన్న దానిపై చెరో రెండొందలు కాశారు. కౌంటర్ దగ్గరున్న యజమాని ఇవేవీ పట్టించుకోలేదు. ఆయనకు రావలసింది గంట అద్దె మాత్రమే.

నేరం ఎక్కడ మొదలైంది? మొదటి ఆటలోనా, మూడో ఆటలోనా? ఆడినవాళ్లదా, చూసినవాళ్లదా? లేక ఏ పందెమూ కాయకుండా గంటలు లెక్కపెట్టుకున్న యజమానిదా? ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పగల లాయరు దొరకడం కష్టం. కారణం, మన జూద చట్టాలు పందెం కాసేవాడిని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి కావు. పందేలకు చోటిచ్చి సొమ్ము చేసుకునేవాడిని పట్టుకోవడానికి పుట్టినవి.

రాజ్యాంగం ప్రకారం పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం. అందువల్ల ఏ రాష్ట్రం చట్టం దానిదే. పశ్చిమబెంగాల్‌లో అమల్లో ఉన్నది 1957 నాటి జూదం, బహుమతి పోటీల చట్టం. దాని వెనుక 1867 నాటి బెంగాల్ చట్టం నీడ ఉంది. అదే ఏడాది దేశంలోని మరికొన్ని ప్రాంతాలకు వచ్చిన పబ్లిక్ గాంబ్లింగ్ చట్టానికి అది తోబుట్టువు. ఈ చట్టాలన్నిటికీ వెన్నెముక లాంటిది ఒకే భావన: 'కామన్ గేమింగ్ హౌస్'. మన పోలీసుల భాషలో పేకాట స్థావరం. జూద సాధనాలను ఉంచిన లేదా వాడిన ఇల్లు, గది, డేరా, ఆవరణ, బండి, పడవ ఏదైనా సరే, దానివల్ల యజమానికో నిర్వాహకుడికో లాభం వస్తుంటే అది ఆ లెక్కలోకి వస్తుంది. ఆ లాభం సాధనాల అద్దె కావచ్చు, చోటు అద్దె కావచ్చు, 'మరే విధంగానైనా' కావచ్చు.

ఈ నిర్వచనాన్ని పూల్ పార్లర్ యజమాని ఒకసారి చదివితే ఆ రాత్రి నిద్రపట్టదు. టేబుల్ ఆయనది, బంతులు ఆయనవి, గది ఆయనది. మూడింటికీ కలిపి గంటకింత అని వసూలు చేస్తున్నాడు. ఆ టేబుల్ మీద పందెం నడిచిందని తేలితే చాలు, అక్షరాలా చదివేవాళ్లకు మిగతావన్నీ సిద్ధంగా ఉన్నాయి. అదే ఇద్దరు మిత్రులు ఇంట్లో కేరమ్ బోర్డు వేసుకుని అంతే డబ్బు కాస్తే, ఆ ఇంటివాళ్లు చార్జీ తీసుకోలేదు కాబట్టి అది జూదగృహం కాదు. దీపావళి రాత్రి బంధువులంతా చేరి వేసుకునే మూడు ముక్కలాటకైనా అదే రక్ష. ఎవరూ 'కట్' తీయనంత వరకు.

అసలు బెంగాల్‌లో జూద చట్టం వాన నీళ్లలో తడిసి పెరిగిందంటే అతిశయోక్తి కాదు. 19వ శతాబ్దం చివర్లో కలకత్తా బడాబజార్‌లో మార్వాడీ వ్యాపారులు వాన మీద పందేలు కాసేవారు. నిర్ణీత గడువులోగా ఇంటి కప్పు మీద పడిన నీరు తూము గుండా బయటికి పారుతుందా లేదా అన్నదే పందెం. మబ్బు కమ్మితే ఒక ధర, విడిపోతే మరో ధర. పాత చట్టానికి ఇది కొరకరాని కొయ్య అయింది. వాన ఆట కాదు, తూము పాచిక కాదు. వీటిని 'జూద సాధనం' అనడమెలా? చివరికి 1897లో వాన పందేల కోసమే ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అప్పటి నుంచీ బెంగాల్ నిర్వచనాల్లో 'ఆట' కంటే 'పందెం' పెద్దపీట వేసుకుని కూర్చుంది. 1957 చట్టంలోనూ జూదమంటే పందెం కాయడం కూడా అని స్పష్టంగానే ఉంది. ఆట ఆడినవాడే కాకుండా చూస్తూ పందెం కాసినవాడు కూడా వలలో పడే అవకాశం అక్కడినుంచి వచ్చిందే.

గుర్రప్పందేలకు మాత్రం తలుపు తెరిచే ఉంది. అదీ సగమే. విక్టోరియా మెమోరియల్‌కు కూతవేటు దూరంలో మైదాన్ రేస్ కోర్స్‌ను నడిపే రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ 1847లో పుట్టింది. అక్కడ పందెం కాయడం చట్టబద్ధం. అయితే రేసు జరిగే రోజునే కాయాలి, అందుకు కేటాయించిన ఆవరణలోనే కాయాలి, లైసెన్సున్న బుకీతోనో టోటలైజర్ యంత్రం ద్వారానో కాయాలి. ఇదే గుర్రం మీద ఇదే రేసు మీద, రోడ్డు దాటి వచ్చి టీ కొట్టు దగ్గర ఇద్దరు మిత్రులు చెరో వంద కాసుకుంటే ఆ మినహాయింపు వారికి వర్తించదు. గుర్రప్పందెం అదృష్టం మీద కాక నైపుణ్యం మీద నడుస్తుందని సుప్రీం కోర్టు 1996లో తమిళనాడు కేసులో చెప్పింది. ఆ నైపుణ్యం రేస్ కోర్స్ కంచె దాటగానే ఎలా ఆవిరైపోతుందన్నది మాత్రం చట్టాన్నే అడగాలి.

పేకాట దగ్గరికి వస్తే పశ్చిమబెంగాల్ చట్టం దేశంలోనే విలక్షణమైనది. అదృష్టం, నైపుణ్యం కలగలిసిన ఆటలను కూడా అదృష్టపు ఆటలుగానే లెక్కగట్టిన ఆ చట్టం, వెంటనే ఓ మినహాయింపు ఇచ్చింది. బ్రిడ్జ్, పోకర్, రమ్మీ, నాప్ 'లాంటి' పేకాటలు అందులోకి రావని రాసింది. నాలుగు పేర్లనూ గమనించండి. బ్రిడ్జ్ సంగతి సరే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ పురుషుల జంటల స్వర్ణాన్ని దేశానికి తెచ్చిపెట్టినవారు ఇద్దరు బెంగాలీలే: ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ దే సర్కార్. నాప్ ఎలా ఆడతారో ఈ తరంలో చెప్పగలవాళ్లు అరుదు. ఆ జాబితాలో వినిపించేది తెల్లదొరల కాలపు క్లబ్బుల కార్డ్ రూమ్ గాలి. బెంగాల్ లోకల్ రైళ్లలో, వీధి క్లబ్బుల్లో జనం ఇష్టంగా ఆడే 'ట్వంటీనైన్' పేరు అందులో లేదు. అది కూడా బ్రిడ్జ్ మాదిరిగానే తురుపులతో పట్లు గెలిచే ఆట. మరి అది 'లాంటి' అన్న మాటలో ఇముడుతుందా? ఆ ఒక్క మాటకు అర్థం చెప్పాల్సిన పని ముందుగా దాడికి వచ్చిన ఎస్సైదే అవుతోంది.

పోకర్ విషయంలో కలకత్తా హైకోర్టు ఈ సందేహానికి తావివ్వలేదు. 2019లో పోకర్ సంఘం వేసిన పిటిషన్‌పై, రాష్ట్ర చట్టం పోకర్‌ను జూదం నుంచి మినహాయించింది కనుక ఆ ఆటలో పోలీసులు జోక్యం చేసుకోవడానికి వీల్లేదని తేల్చింది. విచిత్రం ఏమిటంటే, అంతకు రెండేళ్ల ముందే 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్ జూదమేనని తీర్పు చెప్పింది. అహ్మదాబాద్‌లో కూర్చుంటే నేరం, కోల్‌కతాలో కూర్చుంటే ఆట.

బిలియర్డ్స్ కుటుంబపు ఆటల పేర్లు మాత్రం ఆ మినహాయింపులో లేవు. ఇది మరీ విడ్డూరం. ఎందుకంటే 1958లో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచి, ఏదైనా క్రీడలో వ్యక్తిగత ప్రపంచ చాంపియన్ అయిన తొలి భారతీయుడిగా నిలిచింది ఈ కలకత్తాలోనే. 1990లో అదే టైటిల్ గెలిచిన మనోజ్ కొఠారీ ఈ ఊరివాడే. ఇది చేతి వాటం, కంటి లెక్క మీద నడిచే ఆట అని వాదించనక్కర్లేదు. నైపుణ్యం ప్రధానమైన పోటీ జూదం కాదని సుప్రీం కోర్టు 1957లోనే ఆర్ఎండీసీ కేసుల్లో చెప్పి ఉంది. కాబట్టి ఆడేవాళ్లకు ఆ సూత్రం అండ ఉంది. పక్కన నిలబడి రెండొందలు కాసినవాళ్ల నైపుణ్యం ఏమిటన్నదే ఇబ్బందికరమైన ప్రశ్న. గుర్రం ఎక్కకుండానే పందెం కాసేవాడికి నైపుణ్యముందని ఒప్పుకున్న న్యాయస్థానం, క్యూ పట్టకుండా కాసేవాడికి లేదని అంటుందా? పశ్చిమబెంగాల్ చట్టాన్ని ఉన్నదున్నట్టు చదివితే వాళ్లు కాసింది పందెమే, పందెం జూదమే.

ఇక యజమాని సంగతి. కోల్‌కతా పార్లర్ యజమానికి దొరికే అతి పెద్ద ఊరట సికింద్రాబాద్ నుంచి వచ్చిందని చాలామందికి తెలియకపోవచ్చు. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. నిజాం కాలం నాటి 1305 ఫసలీ హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీం కోర్టుకెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ఆ తర్వాత దేశంలోని ప్రతి జూదం కేసులోనూ ఏదో ఒక పక్షం ఉదహరించేదిగా మారింది.

రమ్మీని నైపుణ్యపు ఆటగా గుర్తించిన తీర్పుగానే అది పేరు మోసింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కనుక అది మూడు ముక్కలాట లాంటిది కాదన్నది కోర్టు తర్కం. కానీ ఫీజు వసూలు చేసే వ్యాపారాలకు అంతకంటే విలువైన మాట అదే తీర్పులో మరోచోట ఉంది. క్లబ్బు ఆటకు కొంత చార్జీ తీసుకుంటున్నదని ప్రాసిక్యూషన్ వేలెత్తి చూపింది. బిలియర్డ్స్‌కు, టెన్నిస్‌కు, పింగ్‌పాంగ్‌కు క్లబ్బులు చార్జీ తీసుకోవడం లేదా అని కోర్టు అడిగింది. పేకాటకు తీసుకునే అదనపు చార్జీ మరీ విపరీతమైనది కానంతవరకు, దాన్నిబట్టి క్లబ్బు జూదగృహమైపోదు. పొద్దుపోయాక ఆడేవారి నుంచి తీసుకునే లేట్ ఫీజు కూడా అంతే. నౌకర్ల జీతాలు, కరెంటు ఖర్చు ఎక్కడినుంచి వస్తాయి? అయితే వెనువెంటనే ఓ మెలిక కూడా పెట్టింది. రమ్మీ అయినా మరో ఆటైనా సరే, పందెం మీద ఆడించి యజమాని లాభం గడిస్తున్నట్టు రుజువుంటే మాత్రం నేరమే.

'మరీ విపరీతమైనది' అంటే ఎంత? అయిదున్నర దశాబ్దాలు దాటినా దానికి అంకె పెట్టినవారు లేరు. పైగా క్రెసెంట్ సభ్యుల క్లబ్బు. వచ్చిన చార్జీ ఖర్చులకు సరిపోతుంది, మిగిలితే క్లబ్బుకే. పూల్ పార్లర్ అలా కాదు. అది వ్యాపారం. లాభం కోసమే పెట్టింది. డబ్బిచ్చిన ఎవరైనా లోపలికి రావచ్చు. వీడియో గేమ్ పార్లర్ల కేసులో 1995లో సుప్రీం కోర్టు, యంత్రాలు పెట్టి జనాన్ని రానిచ్చే వ్యాపారాలను లైసెన్సుతో నియంత్రించే అధికారం ప్రభుత్వానికుందని కర్ణాటకను సమర్థించింది. మద్రాసు హైకోర్టు 2012లో ఇంకో అడుగు వేసి, పందెంతో రమ్మీ ఆడించి క్లబ్బు లాభపడితే పోలీసులు చర్య తీసుకోవచ్చంది. ఆ వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది కానీ, 2015లో పిటిషన్ వెనక్కి తీసుకోవడంతో ప్రశ్న తేలకుండానే మిగిలిపోయింది.

ఈ తీర్పులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓ గీత లీలగా కనిపిస్తుంది. పందెం వంద అయినా పదివేలు అయినా, అసలు పందెమే లేకపోయినా అద్దె మారకపోతే అది అద్దె. పందెం పెరిగేకొద్దీ యజమాని ఆదాయం పెరిగితే అది జూదంలో వాటా. గెలిచిన మొత్తంలో నూటికి ఇంత అని తీసినా, డబ్బు తన దగ్గర పెట్టించుకుని గెలిచినవాడికి పంచినా, ఎదుటి ఆటగాడిని కుదిర్చిపెట్టినా ఆ యజమాని ఇక గోడమీద పిల్లి కాదు, దూకేసినట్టే. ఓడినవాడు కట్టే టేబుల్ డబ్బు విషయంలో మాత్రం యజమానికి వచ్చేది ఎటూ ఒకటే. గెలిచినవాడికి మిగిలేది తన వంతు అద్దె. దీన్ని జూదంగా చూపించడానికి చాలా కష్టపడాలి.

నిజానికి ఈ గీత కొత్తదేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదాధ్యక్షుడు గెలుపులో నూటికి 5 వంతులు తీసుకోవడమే కాక, పాచికలకు అద్దె, చోటుకు, నీళ్లకు చార్జీ వేరుగా వసూలు చేస్తాడు. యాజ్ఞవల్క్యస్మృతిలో జూదశాల నడిపే సభికుడికి పెద్ద పందేల్లో నూటికి 5, చిన్నవాటిలో 10 వంతులు ముడతాయి. అందులోంచి అతడు రాజు భాగం రాజుకివ్వాలి. అద్దె వేరు, వాటా వేరు అన్న సంగతి పూర్వులకు బాగానే తెలుసు. వాళ్లు రెండింటికీ రేటు కట్టారు. మనం ఒకదాన్ని నేరమన్నాం, రెండోదానికి హద్దు చెప్పలేదు.

ఈ పాత గ్రంథాలు సుప్రీం కోర్టు దాకా రావడానికి కారణం కూడా బెంగాలే. గోధుమల ధరపై పందేలు కాయడానికి ఇద్దరు భాగస్థులయ్యారు. నష్టం వచ్చింది. ఒకరు మొత్తం చెల్లించి, రెండోవారి వాటా కోసం డార్జిలింగ్ కోర్టుకెక్కారు. అక్కడ ఓడి, కలకత్తా హైకోర్టులో గెలిచారు. 1959లో ఘేరూలాల్ పరఖ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వివాదంలో తుది తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. కానీ చెల్లకపోవడం వేరు, చట్టవిరుద్ధం కావడం వేరు అన్నారాయన. కనుక పందేల కోసం పెట్టుకున్న భాగస్వామ్యం చట్టవిరుద్ధం కాదన్నారు. అంతకు రెండేళ్ల ముందు 1957లో బెంగాలీ అయిన ప్రధాన న్యాయమూర్తి సుధీరంజన్ దాస్, రుగ్వేదంలోని జూదరి గోడు నుంచి మహాభారతం దాకా గుర్తుచేసి, జూదం వ్యాపారమే కాదని, దానికి రాజ్యాంగ రక్షణ లేదని తేల్చి ఉన్నారు. శాస్త్రాలు జూదాన్ని నిందించిన మాట నిజమే కానీ రాజు అదుపులో నడవనిచ్చాయని కూడా సుబ్బారావు తీర్పు గమనించింది. ధర్మరాజు ఆడిన సభ సంగతి వేరే చెప్పాలా?

మిత్రుల పందేనికి సుబ్బారావు తీర్పు ఇచ్చే స్థానం విచిత్రమైనది. పార్లర్‌లో గెలిచిన అయిదొందలు అవతలివాడు ఇవ్వనంటే కోర్టుకెళ్లి రాబట్టుకోలేరు. కానీ స్నేహితుడు మాట నిలబెట్టుకుని ఇచ్చేస్తే, ఆ ఒప్పందం చట్టవిరుద్ధమని ఎవరూ అనలేరు. అది జరిగిన చోటు కామన్ గేమింగ్ హౌస్ కానంతవరకు. మళ్లీ యజమాని దగ్గరికే వచ్చాం.

ఆటగాళ్లకు అసలు ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంది. 1867 నాటి చట్టంలోనూ, దాన్ని చూసి రాసుకున్న చట్టాల్లోనూ ఓ నిబంధన ఉంది. సరైన వారెంటుతో సోదా చేసినచోట ముక్కలో, పాచికలో, ఇతర సాధనాలో దొరికితే, కాదని రుజువయ్యేదాకా అది జూదగృహమే, అక్కడున్నవారు ఆడటానికి వచ్చినవారే అని కోర్టు భావించవచ్చు. అంటే రుజువు భారం నిందితుడి నెత్తికెక్కుతుంది. క్రెసెంట్ క్లబ్బువాళ్లు ఆ భారాన్ని దించుకోగలిగారు. వీధి క్లబ్బులో పట్టుబడిన రోజుకూలీ దించుకోగలడా? బెంగాలీలకు 'అడ్డా' అంటే చల్లగా కూర్చుని చెప్పుకునే కబుర్లు. జూదం కేసుల వార్తల్లో మాత్రం 'జువార్ అడ్డా' అవుతుంది, అచ్చం మన తెలుగులోలాగే. సభ్యత్వం, అకౌంట్ పుస్తకాలు, మంచి లాయరు ఉన్నచోట అది క్లబ్బు. లేనిచోట అడ్డా.

శిక్ష కూడా పూర్వంలా లేదు. 1867 నాటి పబ్లిక్ గాంబ్లింగ్ చట్టంలో స్థావరం నడిపినవాడికి రూ.200 జరిమానా లేదా మూడు నెలల జైలు, అక్కడ దొరికినవాడికి రూ.100 లేదా నెల రోజులు. ఎక్కువచోట్ల రాష్ట్రాలు వాటిని పెంచాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ ధోరణిని మరో మెట్టు ఎక్కించింది. దాని 112వ సెక్షన్ 'చిన్న తరహా వ్యవస్థీకృత నేరం' అనే కొత్త నేరాన్ని సృష్టించి, దొంగతనాలు, బ్లాక్ టికెట్ల సరసన అనధికార పందేలను, జూదాన్ని చేర్చింది. ముఠాగా చేస్తే ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు. వారం వారం ఒకే టేబుల్ దగ్గర చేరే నలుగురు మిత్రులు ముఠా కారనే ఆశిద్దాం. కానీ యజమాని, కౌంటర్ కుర్రాడు, బయట డబ్బు పట్టుకుని తిరిగే బుకీ కలిస్తే ఆ సెక్షన్ చదవడానికి పెద్దగా ఊహాశక్తి అక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో ఈ మీమాంసకు పార్లమెంటు ఒకే దెబ్బతో స్వస్తి పలికింది. 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నే అడగకుండా, ఫీజో డిపాజిట్టో కట్టి డబ్బు గెలవాలని ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. రేస్ కోర్సులు, కేసినోలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 40 అయింది. ఫోన్‌లో ఆట కట్టేస్తే జనం మళ్లీ నిజమైన టేబుళ్ల చుట్టూ చేరతారా అన్నది చూడాల్సిందే. చేరితే ఈ పాత చిక్కు కొత్తగా పైకి తేలుతుంది. తెలుగు రాష్ట్రాలు అప్పటికే తమ దారి చూసుకున్నాయి. తెలంగాణ 2017లో చట్టం సవరించి రమ్మీకున్న నైపుణ్యపు రక్షణ తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. అంటే సికింద్రాబాద్ తీర్పు రమ్మీ విషయంలో పుట్టింట్లో చెల్లక, అత్తింట్లో చెలామణీ అవుతోందన్నమాట.

హద్దు గీయడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్ 2005 చట్టం కింద, ఇంట్లోనో మరో ప్రైవేటు చోటనో మిత్రులు ఆడుకోవచ్చు, ఆడేందుకు చార్జీ మాత్రం తీసుకోకూడదు. పబ్‌లో పోకర్ ఆడితే మనిషికి పందెం 5 పౌండ్లు మించకూడదు, ఆడినందుకు ఫీజు అసలే ఉండకూడదు. సభ్యుల క్లబ్బులు ఫీజు తీసుకోవచ్చు కానీ దానికి పరిమితి ఉంది. మామూలుగా రోజుకు మనిషికి ఒక పౌండు, ప్రత్యేక పర్మిట్ ఉంటే 3 పౌండ్లు. ఆ అంకెలు సరైనవా కావా అన్నది వేరే చర్చ. దుకాణం తెరిచే ముందే యజమానికి తన హద్దు తెలుస్తుంది. పశ్చిమబెంగాల్ చట్టంలో నాప్‌కు దొరికిన చోటులో పావు వంతు ఈ విషయానికి దొరికినా బాగుండేది. గంట అద్దె ఎంతయినా ఫర్వాలేదు, పందెం సొమ్ములో మాత్రం పైసా ముట్టుకోకూడదని ఒక్క వాక్యం రాస్తే సగం సందేహాలు తీరతాయి. అది రాయనందువల్ల లాభపడేది దాడికి వచ్చే అధికారి విచక్షణ ఒక్కటే.

అందాకా పార్లర్ల గోడల మీద 'జూదం నిషిద్ధం' అన్న బోర్డులు వేలాడుతూనే ఉంటాయి. వాటికి చట్టంలో ప్రత్యేకమైన విలువేమీ లేదు. యజమానికి తెలియకుండా జరిగిందని చెప్పుకోవడానికి కొంత పనికొస్తాయి, అంతే. కేసు కోర్టుకెళ్లినప్పుడు అంతకంటే పనికొచ్చేది కౌంటర్ సొరుగులోని రిజిస్టరు. ఏ టేబుల్ ఎన్ని గంటలకు తీశారు, ఎన్నింటికి మూశారు, ఎంత తీసుకున్నారు అన్నవి ప్రతి రోజూ ఒకే రేటున ఉంటే, పందెంతో నిమిత్తం లేకుండా అద్దె మాత్రమే తీసుకున్నామని ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది. ఏదో ఒక రాత్రి మూడో నంబరు టేబుల్ ఎదురుగా మామూలు అద్దెకు నాలుగు రెట్లు కనిపిస్తే అదే పుస్తకం ప్రాసిక్యూషన్ వైపు తిరుగుతుంది.